నలభై ఒకటో పేజీ

పరిశోధన సంస్థ, మూడో అంతస్తు, నా గది
ఫిబ్రవరి 3

గుండ్రానికి,

ఈ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో! నీ గుండ్రటి రాత చూసి నేను పెట్టిన పేరు, చివరికి మీ ఇంటిల్లిపాదీ పట్టుకున్నారు. మీ అన్నయ్య నాకు మొగుడయ్యాక నువ్వు మరదలివయ్యావు గానీ, నా కంటికి మాత్రం ఇప్పటికీ ల్యాబులో పక్క కుర్చీలో కూర్చుని పెన్సిల్ నములుతూ లెక్కలు కట్టే గుండ్రానివే.

శుభవార్త చెప్పాలి. మన రంగంలో ఇచ్చే పెద్ద పతకం ఈసారి నాకే. సెప్టెంబరులో సభ. మన పాత పేపరు గుర్తుందిగా, అణువుకీ అణువుకీ మధ్య ఉండే సన్నటి ఆకర్షణని కంప్యూటర్ లెక్కలో ఎలా కలపాలో చెప్పింది? దాన్ని ఇప్పటికి పదకొండు వేల రెండు వందల పేపర్లలో ఉదహరించారు. పదకొండు వేల సైటేషన్లే! మా సంస్థలో మిగతా అందరివీ కట్టగట్టినా అందులో సగం రావని మా డైరెక్టరు మీటింగులో అనేశాడు. పక్కనున్నవాళ్ళ మొహాలు చూడాలి నువ్వు. మందులు తయారుచేసేవాళ్ళు, బ్యాటరీలు చేసేవాళ్ళు, ఎవరు లెక్క మొదలుపెట్టినా ముందు నా సున్నా పాయింటు మూడు ఆరు అనే సంఖ్య వేసుకోవాల్సిందే. దానికి నా ఇంటిపేరే పెట్టారు.

అసలు సంగతికొస్తాను. సభనాటికి మా వరండాలో ఒక అద్దాల పెట్టె పెడుతున్నారు. అందులో నా పాత కళ్ళజోడు, మొదటి థీసిస్, అలాంటివి. నీ దగ్గర ఆ నీలం అట్ట నోటుపుస్తకం ఉండాలి, తెలుగు అంకెలతో నింపినది. అది పంపించు, పెడతాం. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. ఆఫీసు మెయిల్లో మాత్రం ఏమీ రాయకు, అక్కడ ప్రతి ముక్కా పదిమంది చదువుతారు. నీకెలాగూ ఉత్తరాలంటే ప్రాణం.

నీ వదిన


రంగుల ఫ్యాక్టరీ, పరీక్షల గది
ఫిబ్రవరి 12

తొందరమ్మ వదినకు,

నీ ఉత్తరం చదవడానికి ఇక్కడి భూతద్దం తీయాల్సి వచ్చింది. ఏమీ మారలేదు నువ్వు. ఒక్క అక్షరానికీ వంపు లేదు, అన్నీ నిటారు గీతలే. వెనకాల ఎవరో తరుముతున్నట్టు రాస్తావు. నేను పెట్టిన పేరు కూడా ఊరికే పోలేదు.

పతకానికి అభినందనలు. ఒక చిన్న సవరణ. పదకొండు వేల రెండు వందలు కాదు, పదకొండు వేల రెండు వందల పద్నాలుగు. మొన్న సోమవారం చూశాను. ఆ పద్నాలుగూ ఏ పాపం చేశాయి?

నా సంగతి అడగలేదు గానీ చెబుతాను. రేకు ముక్క మీద రంగు పూయడం, ఆరేదాకా ఆగడం, గోటితో గీకి చూడటం. ఊడకపోతే పాస్. పాసైన డబ్బా మూత మీద నా పేరున్న ముద్ర పడుతుంది. రోజుకి నాలుగు వందల డబ్బాలు. ఇరవై నాలుగేళ్ళుగా నా ముద్ర లేకుండా ఒక్క డబ్బా గేటు దాటలేదు. ఆ లెక్కన నా పేరు నీ పేరుకన్నా ఎక్కువ ఇళ్ళకే వెళ్ళింది, కాకపోతే మూత తీసి అవతల పారేస్తారు.

"మన పాత పేపరు" అన్నావు. చదివి రెండుసార్లు నవ్వుకున్నాను. అందులో నావంతు నాకు కంఠతా వచ్చు. చిట్టచివర, చీమ తలకాయంత అక్షరాల్లో, "లెక్కలు సరిచూసినందుకు ఫలానా వారికి కృతజ్ఞతలు." సరిచూసినందుకట! ఆరు నెలలు చేత్తో కట్టిన లెక్క అది. నాకు కామెర్లొచ్చి ఆసుపత్రిలో మంచానికి అతుక్కుపోయి ఉంటే, నువ్వూ మన గైడు పెద్దాయనా కలిసి పేపరు పంపించేశారు. ఆ పెద్దాయన మన పుస్తకాలు తిరగేసి అంకెలు ఎత్తుకుపోయి తన ముద్దుల శిష్యుడికి ఇస్తున్నాడనే కదా మనం తెలుగు అంకెల్లో రాయడం మొదలుపెట్టింది? మా నాన్న పాత పుస్తకాల్లో పేజీ అంకెలు చూపించి నీకు నేర్పించింది నేనే. పెద్దాయనకవి పురుగుల్లా కనిపించేవి. పక్కనున్నదాని నుంచి దాచుకోవాలని నాకు తోచలేదు.

పుస్తకం ఏ ట్రంకులో ఉందో చూడాలి. ఇన్నేళ్ళు లేని ముచ్చట ఇప్పుడెందుకు పుట్టిందో కూడా ఆలోచించాలి.

నీ గుండ్రం


ఇల్లు, భోజనాల బల్ల
మార్చి 1

గుండ్రానికి,

ఒక్క పుస్తకం వెతకడానికి నెల పడుతుందా? మీ ఇంట్లో ఉన్నవి ఎన్ని ట్రంకులు, ఒకటా రెండా?

ఎదురుగా మీ అన్నయ్య కూర్చున్నారు. రిటైరయ్యాక ఆయనకి దొరికిన ఉద్యోగం నా పెన్సిళ్ళు చెక్కడం. పొద్దున్నే కాగితం పరుచుకుని ఆరింటినీ సూదుల్లా చెక్కి వరసగా పేరుస్తారు. ముట్టుకుంటే గుచ్చుకుంటాయి. "దాన్ని తొందరపెట్టకే, అసలే ఆ రంగుల వాసనలో ముక్కుపుటాలు మాడ్చుకుంటోంది" అంటున్నారు. చూశావా, ఇక్కడ నీకొక వకీలు ఉన్నాడు.

ఆ కృతజ్ఞతల గోల ఇంకా మోస్తున్నావన్నమాట. ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. పేపరు మీద పేరు వేయడమంటే పెళ్ళి శుభలేఖ మీద వేయడం కాదు. నలుగురిలో నిలబడి జవాబు చెప్పుకోవాలి. అప్పుడు నీకు మంచం మీద లేచి కూర్చునే ఓపికే లేదు. ఆ తరవాత కూడా లేచావా? కామెర్లు రెండు నెలల్లో తగ్గాయి, నీ అలక తగ్గలేదు. పరిశోధన నిన్ను వదల్లేదమ్మా, నువ్వే బుంగమూతి పెట్టుకుని రంగుడబ్బాల్లోకి వెళ్ళి కూర్చున్నావు. నేను నిన్ను చంకన వేసుకుని తిరగలేకపోయాను, అంతే.

పదో తేదీలోగా పంపించు.

వదిన


ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
మార్చి 9

తొందరమ్మకు,

పుస్తకం దొరికింది. నిజం చెప్పాలంటే ఎప్పుడూ పోలేదు. బీరువాలో, నా చీరల కిందే ఉంది.

దానితోపాటు ఇంకొకటి కూడా దొరికింది. ఒకావిడ నాకు ఉత్తరం రాసింది. మనిషెవరో నాకు తెలియదు, నీకు బాగా తెలుసు. పెద్ద పెద్ద అణువుల మీద లెక్కలు కడుతుందట. నీ సంఖ్య వేస్తే చిన్న అణువులకి జవాబు బాగానే వస్తోందట. పెద్దవాటికి వచ్చేసరికి ఘోరంగా తప్పుతోందట. మూడు ఆరు బదులు రెండు ఆరు వేసి చూస్తే ఆ పెద్దవన్నీ సర్దుకున్నాయట. జనవరిలోనే పత్రిక ఎడిటరుకి రాసింది. ఎడిటరు నిన్ను అసలు పుస్తకం చూపించమన్నాడు. జనవరిలో, వదినా! నీ అద్దాల పెట్టె ఫిబ్రవరిలో పుట్టింది. ఇన్నేళ్ళొచ్చాక నా చెవిలో పువ్వు పెడదామనుకున్నావు చూడు, అదీ నీ ధైర్యం.

నా అడ్రసు ఎలా పట్టుకున్నావమ్మా అని అడిగాను. పేపరు చివర కృతజ్ఞతలు చదివిందట. పదకొండు వేల చిల్లర మందిలో ఆ వాక్యం చదివినది ఆవిడ ఒక్కతే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఏం దాచను.

ఆవిడకి నేనింకా జవాబు రాయలేదు. నీ ఉత్తరం కోసం చూస్తున్నాను.

గుండ్రం


పరిశోధన సంస్థ, నా గది
మార్చి 14

మరదలికి,

అద్దాల పెట్టె నిజమే. ఎడిటరూ నిజమే. నువ్వు కంగారు పడతావని రెండోది చెప్పలేదు.

పరిస్థితి ఇది. జూన్ ఆఖరులోగా అసలు పుస్తకం చూపించకపోతే పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటిస్తారు. పేపరు పోతే పతకం పోతుంది. పతకం ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకుంటాను. ఆ సంఖ్య మీద నా దగ్గర తొమ్మిది మంది డాక్టరేట్లు తీసుకున్నారు. వాళ్ళకి ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు. నిన్న కాఫీ గదిలోకి వెళితే మాట్లాడుకుంటున్న నలుగురూ టక్కున ఆపేశారు. పతకం కమిటీలో ఉండే ఒకాయన నన్ను చూసి గోడ మీది కాలెండరు చదవడం మొదలుపెట్టాడు. పోయిన సంవత్సరందది!

ఇరవై ఏళ్ళుగా నేను గదిలోకి వస్తే లేచి నిలబడ్డ మనుషులు వీళ్ళు.

ఆ పుస్తకంలో ఏం రాసి ఉంది? నీకేం కావాలి? రెండూ దాపరికం లేకుండా రాయి. ఆవిడకి మాత్రం జవాబు రాయకు. నిన్ను నేను ఇదివరకెప్పుడూ ఏమీ అడగలేదు.

వదిన


ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
మార్చి 22

వదినా,

ఏమీ అడగలేదా! సరేలే. అడిగావు కాబట్టి చెబుతాను, నింపాదిగా కూర్చుని చదువుకో.

నలభై ఒకటో పేజీ. పైనంతా ఆరు నెలల లెక్క, కింద అడ్డంగా గీత, గీత కింద జవాబు. ౦.౨౬ అని రాశాను. పెన్సిల్‌తో, నా గుండ్రటి రాతలో, ఎంతో బుద్ధిగా. మన రెండుకీ మూడుకీ తేడా ఎంత? కింద ఒక్క తోక. ౨ కి తోక తగిలిస్తే ౩ అవుతుంది. నువ్వు పేపరు పంపే హడావిడిలో దించుకుంటూ, లేని తోకని చూశావు. నన్నొక్క మాట అడిగితే సరిపోయేది. ఆసుపత్రి మీ ల్యాబుకి రెండు వీధుల అవతలే ఉంది. కానీ అడిగితే నేనున్నానని ఒప్పుకోవాలి, పేరు వేయాలి.

ఆ కంప్యూటర్ ప్రోగ్రాములో ఇంకొక పొరపాటు ఉంది, చిన్న అణువుల దగ్గర అది దీన్ని కొట్టేసింది. అందుకే వాటికి జవాబు సరిగ్గా వచ్చి ఎవరికీ అనుమానం రాలేదు. నీ అదృష్టం అలాంటిది.

నాకేం కావాలంటే, పత్రికలో సవరణ వేయించు. సరైన సంఖ్య నేను కట్టానని, దించుకోవడంలో తప్పు నీదని రాయి. నా పేరు ఇంటిపేరుతో సహా అచ్చులో పడాలి. చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, పైన. ఇంతకుమించి నాకేమీ వద్దు. అలా వేస్తానని రాతపూర్వకంగా ఒప్పుకున్న రోజున పుస్తకం ఇస్తాను. ఈ కాగితం నిండింది, ఇంకోటి తీస్తున్నాను.

౨

తప్పు నాకు మొదటి రోజే తెలుసు. అచ్చయిన పేపరు చేతికొచ్చిన సాయంత్రమే పుస్తకం తీసి నలభై ఒకటో పేజీ చూసుకున్నాను. చూసుకుని, మళ్ళీ చీరల కింద పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు, ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు.

మొదట్లో భయమేసేది, ఇవాళో రేపో ఎవరో ఒకరు పట్టుకుంటారని. ఎవరూ పట్టుకోలేదు. వందో సైటేషన్ వచ్చిన రోజు ఒక్కదాన్నే సినిమాకి వెళ్ళాను. వెయ్యి దాటిన రోజు సెలవు పెట్టాను. ఆ తరవాత ప్రతి సోమవారం చూసుకోవడం అలవాటైంది. తప్పుడు సంఖ్య పట్టుకుని ఇంతమంది చదువుకున్నవాళ్ళు గానుగెద్దుల్లా తిరుగుతుంటే, అసలు సంగతి తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. ఆ తొమ్మిది మంది పిల్లలు డాక్టరేట్లు తీసుకున్నప్పుడు కూడా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అభినందించాను. చేసి, ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాను. వాళ్ళ మీద జాలి పడాల్సింది. పడలేదు.

ఇందుకు నేను సిగ్గుపడను. నా దగ్గర ఉన్నది అదొక్కటే.

గుండ్రం


ఇల్లు, మేడమీద గది
ఏప్రిల్ 2

గుండ్రానికి,

నీ రెండు కాగితాలూ చదివి నాలుగు రోజులు సంస్థకి వెళ్ళలేదు. మీ అన్నయ్య ఒంట్లో బాగాలేదా అని నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

ఆసుపత్రికి వచ్చాను ఒకసారి. నీకు తెలియదు. నువ్వు పచ్చగా, పక్కకి తిరిగి పడుకుని ఉన్నావు. నర్సు లేపమంటారా అని అడిగింది. వద్దన్నాను. చేతిలో నీ పుస్తకమే ఉంది. అక్కడ రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయాను. ఆ రెండు నిమిషాలే నా జీవితంలో మిగిలిపోయాయి గుండ్రం. మనిద్దరం ఒకే గిన్నెలో తిని, ఒకే గొడుగులో వెళ్ళి, ఒకరి చీరలు ఒకరం కట్టుకున్నవాళ్ళం. ఎంత దూరం వచ్చేశాం!

రాతపూర్వకంగా కావాలన్నావుగా. ఇదిగో, నా చేత్తో రాస్తున్నాను. నీ పేరు ఇంటిపేరుతో సహా అచ్చులో పడుతుంది. పైనే పడుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరి చేతిలో జరిగిందో లోకానికి చెబుతాను. ఒక్క ముక్క దాచను.

ఫొటోలు ఒప్పుకోరట, ఎడిటరు అసలు పుస్తకమే కావాలంటున్నాడు. పోస్టులో వద్దు, పోతుంది. మీ అన్నయ్యని పంపిస్తాను, చేతికివ్వు.

నిన్ను ఏడిపించిన
వదిన


ఇల్లు
ఏప్రిల్ 20

వదినా,

అన్నయ్య వచ్చాడు, రెండు రోజులున్నాడు. ఈ ఉత్తరం, పుస్తకం కలిపి అతని చేతికే ఇస్తున్నాను.

ఆసుపత్రికి వచ్చావని చదివాక నీ మీద కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. వెతికాను కూడా. ఇరవై ఏడేళ్ళు పెంచుకున్నది ఒక్క పేరాతో కరిగిపోతుందా? పోయింది మరి. లేపితే లేచేదాన్ని కదే. లేచి, అది రెండు అని చెప్పేదాన్ని.

పొద్దున నలభై ఒకటో పేజీ ఫొటో తీసుకుందామని ఫోన్ తీశాను. అన్నయ్య చూసి, "ఎందుకే, మనింటికే కదా వెళుతోంది" అన్నాడు. సిగ్గేసింది. ఫోన్ లోపల పెట్టేశాను. నిన్ను నమ్మకపోతే ఈ పేరు వచ్చీ లాభమేమిటి?

ఫ్యాక్టరీలో పిల్లలకి చెప్పాను, నా పేరు పత్రికలో పడబోతోందని. ఏ రంగు గురించి మేడమ్ అని అడిగారు.

నీ గుండ్రం


పరిశోధన సంస్థ, మూడో అంతస్తు
ఆగస్టు 28

మరదలికి,

సవరణ అచ్చయింది. కాపీ జతచేశాను. నీ పేరు ఇంటిపేరుతో సహా, మొదటి పంక్తిలోనే ఉంది. చదువుకునే ఓపిక ఉండదేమోనని ఇక్కడ రాస్తున్నాను.

"మా మూల వ్యాసంలోని స్థిరాంకం తప్పని తేలింది. ఆ లెక్కను చేసి, పుస్తకంలో నమోదు చేసిన సహాయకురాలు ఫలానా వారు, పై అంకెలన్నీ సరిగా కట్టి, జవాబు రాసేటప్పుడు రెండుకు బదులు మూడు వేశారు. ఆ పుస్తకాన్ని నమ్మి మేము ఆ సంఖ్యను వాడాము. పొరపాటు తమకు మొదటి నుంచీ తెలుసని ఆమె లిఖితపూర్వకంగా అంగీకరించారు."

ఎడిటరు ముగ్గురు నిపుణులకి పుస్తకం చూపించాడు. నలభై ఒకటో పేజీలో ఉన్నది మూడే. తోక స్పష్టంగా ఉంది. తెలుగు చదవడం వచ్చిన ఒకాయనని ప్రత్యేకంగా పిలిపించారు. నీ మార్చి ఉత్తరంలో రెండో కాగితం వాళ్ళకి ఇచ్చాను, తప్పు నీకు మొదటి రోజే తెలుసని నీ చేత్తో నువ్వు రాసినది. మొదటి కాగితంలో మన ఇంటి గొడవలున్నాయి, అవి బయటివాళ్ళకెందుకని ఇవ్వలేదు. ఆ రెండో కాగితం నెత్తిన నువ్వు పేజీ అంకె వేశావు కదా, చక్కటి ౨, తోక లేకుండా. ఆ తెలుగు వచ్చినాయన దాన్ని పుస్తకం పక్కన పెట్టి చూసి, ఈవిడ రెండు ఇలా రాస్తుంది, కాబట్టి అక్కడున్నది మూడే, సందేహం లేదు అన్నాడు. అంత ఉపయోగపడింది నీ ఉత్తరం.

పెద్దాయన ఉంటే సంతోషించేవాడు. నా తప్పు కాకపోయినా నేనే బయటపెట్టానని అందరూ మెచ్చుకుంటున్నారు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుందని డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. సభ అనుకున్న రోజునే. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి అద్దాల పెట్టెలో పెట్టారు.

తప్పు ఎవరి చేతిలో జరిగిందో లోకానికి చెబుతానన్నాను. చెప్పాను. పేరు కావాలన్నావు. వేయించాను. పేరంటే జవాబు చెప్పుకోవడం కూడా అని నీకు మార్చిలోనే రాశాను.

మీ అన్నయ్య కులాసా. నిన్ను సభకి రమ్మంటున్నారు.

వదిన


ఇల్లు
నవంబరు 6

వదినకు,

సభకి రాలేదు. మరుసటి వారం వచ్చాను, సందర్శకుల రోజున, కాలేజీ పిల్లల వెనకాల వరసలో నిలబడి. నువ్వు పై అంతస్తులో ఉన్నావన్నారు.

అద్దానికి ముక్కు ఆనించి చూశాను. తోక నిటారుగా ఉంది. బుద్ధెరిగాక నేను నిటారు గీత గీయలేదు, నాకు గుండ్రం అని పేరు పెట్టినదానివి నీకు తెలియదా? పైగా సన్నగా ఉంది, సూదిలా చెక్కిన పెన్సిల్ గీత. నేను నమిలిన పెన్సిళ్ళతో అంత సన్నగా రాదు. కాపలా మనిషి అద్దం ముట్టుకోవద్దమ్మా అన్నాడు. ఇది నా పుస్తకం అన్నాను. పెట్టెకి అంటించిన చీటీ మీద పేరు చదివి, మీరేనా ఆ తప్పు రాసిన ఆవిడ అన్నాడు. కోపంగా అనలేదు పాపం, కుతూహలంగానే అడిగాడు.

నీ ఉత్తరాలన్నీ ముందు నుంచీ మళ్ళీ చదివాను. నిన్ను పట్టించే మాట ఎక్కడా ఒక్కటీ దొరకలేదు. ఏప్రిల్ ఉత్తరం మరీ నాలుగుసార్లు చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆసుపత్రికి వచ్చావో లేదో ఒక్కటే తేల్చుకోలేకపోయాను, అది మాత్రం చెప్పు. ఇంకేమీ అడగను.

ఆ పరిశోధకురాలికి జరిగినదంతా రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చింది. అసలు పుస్తకం తన కళ్ళతో చూశానని, నా ఆరోగ్యం జాగ్రత్త అని.

అన్నయ్య ఫోన్ చేశాడు. గీత సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. అంతలో తనే అన్నాడు, "ఆ పుస్తకం తెచ్చిన రోజు మీ వదిన ఎన్నడూ లేనిది పెన్సిల్ ఇంకా సన్నగా చెక్కమందే, మూడుసార్లు చెక్కించుకుంది, నా పనితనం చూశావా" అని. సంబరంగా చెప్పాడు. చాలా బాగా చెక్కావన్నయ్యా అన్నాను. ఆ మనిషి పెన్సిళ్ళు చెక్కుకుంటూ నీ ఎదురుగా కూర్చోవాలి కదా, ఇంకా ఎన్నేళ్ళో.

పోయిన నెల మా ఫ్యాక్టరీకి పెద్ద కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చారు. మూతల మీద పేరు ఎవరిదని కంప్యూటర్లో వెతికారు. నీ సవరణ వచ్చింది. అదొక్కటే వచ్చింది. తప్పు తెలిసీ ఇరవై ఏడేళ్ళు దాచిన మనిషి ముద్ర మాకొద్దన్నారు. మేనేజరు మంచివాడు, నన్ను తీసేయలేదు. ముద్ర మాత్రం తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు రేకులు నేనే పూస్తాను, నేనే గీకుతాను, ముద్ర మాత్రం పక్క సీటు అమ్మాయి తన పేరుతో వేస్తుంది.

సోమవారం అలవాటు పోలేదు. సవరణకి అప్పుడే ముప్పై ఒక్క సైటేషన్లు వచ్చాయి, ఇది పాత పేపరును దాటేలా ఉంది. మూతల మీద లేదు కాబట్టి ఇక నా పేరు లోకంలో ఉన్నది అక్కడొక్కచోటే. అక్షరాలు పెద్దవే వేయించావు, చదవడానికి భూతద్దం అక్కర్లేకపోయింది.

గుండ్రం